డోనా సమ్మర్ 'అవర్ లవ్' ఎలా వినాలి: కాలితో మొదలుపెట్టి గొంతు దాకా

అమెరికా డిస్కో గాయని డోనా సమ్మర్ అనగానే నాలుగు పాటలు గుర్తొస్తాయి. 'ఐ ఫీల్ లవ్', 'లాస్ట్ డాన్స్', 'హాట్ స్టఫ్', 'బ్యాడ్ గర్ల్స్'. ఆమె పేరు తెలియని వాళ్ళు కూడా ఏ పెళ్ళి రిసెప్షన్‌లోనో, ఏ మాల్‌లోనో వీటిలో ఒకటైనా వినే ఉంటారు. 'అవర్ లవ్' మాత్రం ఎక్కడా చెవిన పడదు. అది 1979 ఏప్రిల్‌లో వచ్చిన 'బ్యాడ్ గర్ల్స్' డబుల్ ఆల్బమ్‌లో నాలుగో వైపున మొదటి పాట. ఎల్పీల రోజుల్లో నాలుగో వైపు అంటే, మొదటి రికార్డు తీసి కవర్లో పెట్టి, రెండోది పెట్టి, అదీ తిప్పాక వచ్చేది. అంతవరకు ఓపిక ఉన్నవాళ్ళకే దక్కిన పాట.

పాట ఐదు నిమిషాలు కూడా ఉండదు. దీని మీద ఒక మార్గదర్శి ఎందుకంటే, నేను దీన్ని మొదట్లో రెండు మూడుసార్లు విని పక్కన పడేశాను. "సరే, డిస్కో" అనుకున్నాను. తప్పు పాటది కాదు, నేను విన్న పద్ధతిది. సినిమా పాట వినే అలవాటుతో ముందు సాహిత్యం, తర్వాత ట్యూన్, చివర్న వాద్యాలు అనే వరసలో విన్నాను. ఈ పాటను సరిగ్గా దానికి తిరగేసి వినాలి.

మొదటి మెట్టు: సరైన పాట, సరైన స్పీకరు

ఈ పేరుతో పాటలు బోలెడున్నాయి. వెతికేటప్పుడు గాయని పేరు, ఆల్బమ్ పేరు రెండూ కలిపి కొట్టండి. 1979 ఆల్బమ్‌లోని పాటే కావాలి. తర్వాతివాళ్ళు చేసిన రీమిక్సులు మొదటిసారికి వద్దు. రీమిక్స్ చేసేవాళ్ళు తమకు నచ్చిన ముక్కను సాగదీస్తారు. అసలు పాటలో ఏది ఎంతసేపుందో తెలియకపోతే ఆ సాగదీతలో మజా తెలియదు.

ఇక ఫోన్ స్పీకరు. దాంతో మాత్రం వినొద్దు. కిక్ డ్రమ్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్, దాని బలమంతా 50 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ అడుగున ఉండే ఆ చిన్న స్పీకరు అంత కిందికి దిగలేదు. అందులో డిస్కో వినడం అంటే ఉప్పు లేని పప్పుతో అన్నం తిన్నట్టే. కడుపు నిండుతుంది కానీ ఏం తిన్నామో గుర్తుండదు. ఓ మోస్తరు ఇయర్‌ఫోన్లు చాలు. ఇంకో మాట, బేస్ బూస్ట్ ఆఫ్ చేయండి. నేను ఒకసారి "ఎక్స్‌ట్రా బేస్" అని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్న హెడ్‌ఫోన్లు కొని ఆరు నెలలు అన్ని పాటలూ బురదలో నడిచినట్టు విన్నాను. కింది స్వరాలు ఉబ్బిపోతే కిక్ ఎక్కడ ఆగింది, బేస్ ఎక్కడ మొదలైంది అన్నది చెవికి అందదు. ఈ పాటలో అందాల్సింది ఆ గీతే.

రెండో మెట్టు: కొంచెం నేపథ్యం

డోనా సమ్మర్ 1948 డిసెంబర్ 31న బోస్టన్‌లో పుట్టింది. అసలు పేరు లాడోనా ఆడ్రియన్ గెయిన్స్. పదేళ్ళ వయసులో చర్చిలో పాడాల్సిన మనిషి రాకపోతే ఈమెను నిలబెట్టారు. అక్కడినుంచి మొదలు. 1968లో 'హెయిర్' అనే సంగీత నాటకంలో పాత్ర దొరికి జర్మనీలోని మ్యూనిక్ వెళ్ళింది, అక్కడే చాలా ఏళ్ళు ఉండిపోయింది. హెల్ముట్ సోమర్ అనే ఆస్ట్రియా నటుడిని పెళ్ళి చేసుకుంది. ఆ సోమరే తర్వాత సమ్మర్ అయింది.

మ్యూనిక్‌లో ఆమెకు ఇద్దరు దొరికారు. ఇటలీ ఉత్తరాన కొండల్లో పుట్టిన జోర్జియో మొరోడర్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన పీట్ బెలోట్. ముగ్గురూ కలిసి 1975లో 'లవ్ టు లవ్ యూ బేబీ' చేశారు. ఆల్బమ్‌లో ఒక వైపంతా ఆ ఒక్క పాటే, పదిహేడు నిమిషాల దాకా సాగుతుంది. అందులో ఆమె పాడిన దానికంటే నిట్టూర్చింది ఎక్కువ. దాంతో ఆమెకొక ముద్ర పడిపోయింది, ఆ ముద్ర ఆమెకు నచ్చలేదు. 1977లో 'ఐ ఫీల్ లవ్' వచ్చింది. కిక్ డ్రమ్ తప్ప దాదాపు వాద్యమంతా మూగ్ సింథసైజరే, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే పెట్టె. ఈ రోజు డీజేలు వాయించే ఎలక్ట్రానిక్ సంగీతానికి అది తాతమ్మ.

'అవర్ లవ్' ఈ రెండింటి తర్వాతది. అప్పటికి ఆమె నిట్టూర్పులు వదిలేసి నిండు గొంతుతో పాడుతోంది. మొరోడర్‌కు మెషీన్లు చేతికి బాగా అలవాటయ్యాయి. ఈ రెండు విషయాలు గుర్తుంటే చాలు, మిగతాది పాటే చెబుతుంది.

మూడో మెట్టు: మొదటిసారి కాలితో వినండి

మాటలు పట్టించుకోవద్దు. కుర్చీలో కూర్చుని మడమ నేలకానించి, ముందు పాదంతో కొట్టండి. డిస్కోలో కిక్ డ్రమ్ ప్రతి లెక్కకూ పడుతుంది: డుం, డుం, డుం, డుం. ఆది తాళంలో లాగా చేతిని తిప్పే పని, వేళ్ళు లెక్కపెట్టే పని లేదు. నాలుగూ సమానమే. మన చెవికి ఇది మొదట్లో బోరు కొడుతుంది, ఒప్పుకుంటాను. మనది దరువులో వంకరలు వెతుక్కునే చెవి. తీన్‌మార్ వినబడితే చాలు, ఏ దెబ్బ వెనక్కి లాగిందో, ఏది ముందుకు దూకిందో ఒళ్ళే చెబుతుంది.

ఇక్కడ వంకర రెండు దెబ్బల మధ్యలో ఉంటుంది. కాలు పైకి లేచిన క్షణంలో పళ్ళ సందున గాలి పీల్చినట్టు "ట్స్" అనే చప్పుడు వినండి. అది హై-హ్యాట్. రెండు కంచు పళ్ళేలు ఒకదాని మీద ఒకటి, మన తాళాల్లాంటివే, కాకపోతే స్టాండుకి బిగించి కాలితో తొక్కుతారు. డుం-ట్స్-డుం-ట్స్. కిందికి లాగేది కిక్, పైకి లేపేది హై-హ్యాట్. డిస్కోలో మనిషిని ఆడించేది ఈ "పైకి లేపేదే". దాన్ని పట్టుకున్నాక బోరు పోతుంది, మీరు మానేద్దామన్నా కాలు మానదు.

వేగం లెక్కపెట్టాలని ఉంటే పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలో చూసి నాలుగుతో హెచ్చవేయండి. డిస్కో సాధారణంగా నిమిషానికి 110కీ 130కీ మధ్య ఉంటుంది. హుషారుగా నడిచే మనిషి అడుగుల వేగం. అందుకే ఈ పాటలు పొద్దున వాకింగ్‌కి బాగా సరిపోతాయి.

నాలుగో మెట్టు: మెషీన్‌ని విడిగా వినండి

రెండోసారి కిక్ వదిలేసి దాని పక్కనే పరుగెత్తే సింథసైజర్ స్వరాలను పట్టుకోండి. ఇవి సీక్వెన్సర్ అనే పరికరం బాణీలో నడుస్తాయి. ఒక స్వరాల వరస అప్పజెబితే చాలు, ఆపమనేదాకా అదే వరసను అదే వేగంతో తిప్పుతూనే ఉంటుంది. అలుపు లేదు, తడబాటు లేదు.

ఇందులో మనకు కొత్తేమీ లేదసలు. శ్రుతి పెట్టె పెట్టుకుని పాడే పాటగాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. గుళ్ళో హారతి వేళ స్విచ్ వేస్తే మోటారుతో వాయించుకునే నగారా, గంటల పెట్టె చూడని వాళ్ళెవరు? ఆ పెట్టె ముందు నిలబడి పూజారి మంత్రం చదువుతుంటే గమనించండి. పెట్టె తన లెక్కలో తాను కొట్టుకుపోతుంది, మనిషి తన ఊపిరిని బట్టి చదువుతాడు. రెండూ ఎక్కడో కలుస్తాయి, ఎక్కడో విడిపోతాయి. ఆ కలవడం, విడిపోవడమే 'అవర్ లవ్'లో నాకు కనిపించిన రహస్యం.

ఎందుకంటే ఈ పాట చెప్పేది చాలా మామూలు మాట. మన ప్రేమ నిలుస్తుంది, ఎప్పటికీ నిలుస్తుంది. అంతే. దీనికి ఉపమానాల్లేవు, వెన్నెల లేదు, విరహం లేదు. వేటూరి, ఆత్రేయల చేతుల్లో పెరిగిన మనకు "ఇదేం సాహిత్యం" అనిపించడం సహజం. కానీ "ఎప్పటికీ" అన్న మాట మనిషి నోట వస్తే ఎంత నమ్ముతాం? ఆ మాట వెనక అలసిపోని ఒక చప్పుడు నడుస్తుంటే ఎంత నమ్ముతాం? మాట ఇచ్చేది ఆమె, మాట నిలబెట్టేది మెషీన్. 1979 పాటను ఇలా వినడం నా సొంత పైత్యం కావచ్చు. కానీ ఒకసారి ఇలా విన్నాక ఇంకోలా వినలేకపోతున్నాను.

ఐదో మెట్టు: ఇప్పుడు గొంతు

మూడోసారి ఆమెను మాత్రమే వినండి. మూడు పనులు పెట్టుకోండి.

ఒకటి, ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో పట్టుకోండి. ఇయర్‌ఫోన్లలో అయితే కష్టం కాదు. మెషీన్‌కు ఊపిరి అక్కర్లేదు కాబట్టి ఆమె ఊపిరి తీసుకున్న ప్రతిచోటా మనిషి బయటపడుతుంది.

రెండు, పల్లవి మొదటిసారి వచ్చినప్పుడు ఎలా పాడింది, చివరిసారి ఎలా పాడింది, పోల్చి చూడండి. మాటలు అవే. వాటి మీద పెట్టిన ఒత్తిడిలో, అక్షరం చివర వదిలిన తోకలో ఏమైనా తేడా ఉందా? భజనలో పదిసార్లు అదే నామం చెబుతూ పదకొండోసారి గొంతు మారే క్షణం ఒకటి ఉంటుంది కదా, దాన్ని ఇక్కడ వెతకండి. నాకు ఒక చోట దొరికింది. ఎక్కడో చెప్పను, మీకు ఇంకోచోట దొరకొచ్చు.

మూడు, ఆమె దెబ్బ మీద పాడుతోందా, దెబ్బకు కాస్త ముందో వెనకో పాడుతోందా? ఇది తేల్చుకోవడానికి కాలు మళ్ళీ నేలకు ఆనించాలి. చర్చిలో పాడి పెరిగిన వాళ్ళకు దరువుతో ఆడుకునే చనువు ఉంటుంది. దాన్ని పట్టుకుని వేలాడరు.

ఆమె గొంతు సత్తువ ఎంతో తెలియాలంటే అదే ఆల్బమ్‌లో రెండో వైపున ఉన్న 'డిమ్ ఆల్ ది లైట్స్' వినండి. అందులో ఒకే స్వరం దాదాపు పదహారు సెకన్లు పట్టుకుని నిలబడుతుంది. ఆ పాట ఆమె ఒక్కతే రాసుకుంది కూడా. అంత ఊపిరున్న మనిషి 'అవర్ లవ్'లో అలాంటి విన్యాసం చేయకుండా మాటకు కట్టుబడి పాడిందంటే, చేతకాక కాదని అప్పుడు అర్థమవుతుంది.

ఆరో మెట్టు: కిక్ తడబడే చోటు

నన్నడిగితే, మొత్తం పాట విన్నందుకు కూలి ఇక్కడ ముడుతుంది. రెండో సగంలో ఒకచోట, అప్పటిదాకా గడియారంలా నడిచిన కిక్ ఉన్నట్టుండి గబగబా కొట్టుకుంటుంది. కాగితం మీద రాయాలంటే ఇలా:

డుం . . . డుం . . . డుం . . . డుం . . .
డుం . . . డుం . . . డుడుడుడు డుడుడుడు

ఒక లెక్కలో ఒక దెబ్బ పడాల్సిన చోట నాలుగు. చుక్కలు ఉన్న ఖాళీలన్నీ దెబ్బలతో నిండిపోతాయి. మృదంగం మీద మోరా అనే ముగింపు వరస ముందు చేతులు జోరందుకున్నట్టు అనొచ్చు. కానీ అక్కడ రకరకాల శబ్దాలుంటాయి, ఇక్కడ ఒకే ఒక్క శబ్దం. పాట మొదటినుంచీ అలసట ఎరగని ఆ మెషీన్‌కు ఇక్కడ గుండె దడ పుట్టినట్టుంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అసలైన డ్రమ్ శబ్దాలను లోపల దాచుకుని వాయించే మొదటి డ్రమ్ మెషీన్, లిన్ ఎల్ఎమ్-1, 1980లో గానీ బజారులోకి రాలేదు. ఆల్బమ్‌కు డ్రమ్స్ వాయించినవాడు కీత్ ఫోర్సీ. 'ఐ ఫీల్ లవ్'లో కిక్ కొట్టిన కాలు కూడా అతనిదే. మెషీన్‌తో పోటీపడి మెషీన్‌లా వాయించడం అతని ప్రత్యేకత. అంటే నేను మెషీన్ అంటున్న ఈ కిక్ వెనక మనిషి కాలే ఉండి ఉండొచ్చు.

ఈ తడబాటును నాలుగేళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో కొందరు కుర్రాళ్ళు పట్టుకున్నారు. మాంచెస్టర్ బ్యాండ్ న్యూ ఆర్డర్ 1983 మార్చిలో విడుదల చేసిన 'బ్లూ మండే' మొదలయ్యేదే గబగబా కొట్టుకునే కిక్‌తో. పన్నెండు అంగుళాల సింగిల్స్‌లో అంతగా అమ్ముడైనది ఇంకోటి లేదు. ఆ దరువు 'అవర్ లవ్' నుంచి తీసుకున్నామని బ్యాండ్ వాళ్ళే చెప్పుకున్నారు. అందుకని ఈ మెట్టులో చేయాల్సింది, 'అవర్ లవ్' రెండో సగం విని, వెంటనే 'బ్లూ మండే' మొదటి నిమిషం వినడం. ప్రేమ నిలుస్తుందని మాటిచ్చిన పాటలో కాసేపు తొణికిన దడ, మాట పడి మనసు చల్లబడిపోయిన పాటకు పునాది అయింది. తీసుకున్నవాళ్ళు వెనక్కి ఇచ్చేశారా అంటే, పేరు ప్రఖ్యాతులైతే ఇవ్వలేదు. 'బ్లూ మండే' తెలిసినవాళ్ళలో 'అవర్ లవ్' తెలిసినవాళ్ళు పదిలో ఒకరుంటారేమో.

ఏడో మెట్టు: మొత్తం నాలుగో వైపు, ఆ ఏడాది

ఇప్పుడు దీన్ని దాని ఇంట్లో వినండి. 'బ్యాడ్ గర్ల్స్' నాలుగు వైపులూ నాలుగు గదుల్లాంటివి. మొదటి వైపు రాక్ గిటార్ కలిసిన డిస్కో. రెండోది అచ్చంగా నాట్యానికి. మూడోదాంట్లో వేగం తగ్గి నెమ్మది పాటలు వస్తాయి. నాలుగో గదిలో లైటు వేస్తే అంతా మెషీన్లు. 'అవర్ లవ్', 'లక్కీ', 'సన్‌సెట్ పీపుల్' వరసగా మూడు. మూడో వైపు నెమ్మది పాటల తర్వాత 'అవర్ లవ్' మొదటి దెబ్బలు పడితే ఎలా ఉంటుందో, విడిగా వింటే తెలియదు. వరస చెడగొట్టే షఫుల్ బటన్ ఆ పదహారు నిమిషాలు ముట్టుకోకండి.

ఆ ఏడాది సంగతి కూడా కొంచెం తెలియాలి. 1979 జులై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, రెండు మ్యాచ్‌ల మధ్య విరామంలో ఒక రేడియో జాకీ ఆధ్వర్యంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకారు, రెండో మ్యాచ్ ఆడనే లేదు. నల్లవాళ్ళు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు క్లబ్బుల్లో పెంచుకున్న సంగీతం మీద ఆ మంట వెనక ఏముందో అప్పటినుంచీ చర్చ జరుగుతూనే ఉంది. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా రెండు రోజుల తర్వాతి తేదీతో వచ్చిన అమెరికా హిట్ పాటల బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం 'బ్యాడ్ గర్ల్స్' పాటది. పేల్చినవాళ్ళు పేల్చారు, కొన్నవాళ్ళు కొన్నారు. కానీ ఆ తర్వాత అమెరికా రేడియోలో డిస్కో అన్న మాట బూతు అయిపోయింది. హిట్లు హిట్లుగా మిగిలాయి గానీ, నాలుగో వైపు పాటలను మళ్ళీ తీసి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

మన దగ్గర కథ వేరు. అక్కడ డిస్కో చచ్చిపోయిందన్న సమయానికే ఇక్కడ పుట్టింది. బెంగళూరు నుంచి లండన్ వెళ్ళిన బిడ్డు అనే సంగీత దర్శకుడు చేసిన సంగీతంతో 1980లో నాజియా హసన్ అనే పదిహేనేళ్ళ పిల్ల దేశాన్ని ఊపేసింది. ఆ తర్వాత బప్పీ లహరి. తెలుగు సినిమాల్లో ఒక నటికి డిస్కో శాంతి అనే పేరే స్థిరపడింది. మనకు డిస్కో అంటే తళుకు బట్టలు, గుండ్రంగా తిరిగే అద్దాల బంతి, విలన్ డెన్. డిస్కోలో ఒక స్త్రీ నిలబడి, నీతోనే ఉంటానని సీదాగా చెప్పే పాట ఉంటుందని మనకు తట్టకపోవడానికి ఈ తళుకే కారణం అనుకుంటాను. అందుకే ఈ పాటను కళ్ళు మూసుకుని వినండి.

నచ్చితే తర్వాత ఎటు వెళ్ళాలంటే, 1977 నాటి 'వన్స్ అపాన్ ఎ టైమ్' ఆల్బమ్‌లో 'నౌ ఐ నీడ్ యూ'. అది కూడా ఎవరూ పట్టించుకోని ప్రేమ పాటే, అందులోనూ మెషీన్లే, కానీ చల్లగా, చర్చిలో చీకటి పడినట్టుంటుంది. డోనా సమ్మర్ 2012 మే 17న, 63 ఏళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు.

చివరి మెట్టు: ఏమీ చెప్పకుండా ఇంకొకరికి వినిపించండి

ఇది తప్పక చేయండి. మీరు ఇన్నిసార్లు విన్నాక మీ చెవి మీద నమ్మకం పెట్టుకోలేరు. పాట పేరు, గాయని పేరు, ఏడాది, ఏదీ చెప్పొద్దు. వాళ్ళ ముఖం చూడొద్దు, ముఖం మొహమాటానికి నవ్వుతుంది. కాలో చెయ్యో చూడండి.

నేను వంటింట్లో చిన్న స్పీకరు పెట్టి అమ్మకు వినిపించాను. ఆవిడ గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. మొదటి నిమిషం ఏమీ లేదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి కాయ తుంచే "టక్" దెబ్బ మీద పడటం మొదలైంది. ఆవిడకు తెలియదు, నేను నోరెత్తలేదు. రెండో సగంలో కిక్ గబగబా కొట్టుకునే చోటు రాగానే చేయి టక్కున ఆగిపోయింది. తలెత్తి స్పీకరు వైపు చూసి, "ఏమైందిరా, టేపు పట్టేసిందా?" అంది.